ఎడమచెవి పోటు

మొదట దిబ్బడ.
దూది కాదు, నీళ్ళు కాదు,
లోపలినుంచి ఎవరో బొటనవేలితో నొక్కుతున్నట్టు.
వెంటనే పార పడేసి
ఉన్నచోటే గట్టుమీద కూలబడతాను,
రెండు చేతులా బురద పట్టుకుని.

ఇక హోరు.
అవైరో ఉప్పుటేరు మొత్తం
ఎడమచెవిలోకి తోసుకొస్తున్నట్టు.
ఆ తర్వాత మడులు జారతాయి.
తెల్లటి కుప్పలు, కొంగలు, అవతల ఒడ్డున చర్చి గంటగోపురం,
అన్నీ కుడికి జారి, చటుక్కున మొదటికొచ్చి,
మళ్ళీ కుడికి.
కళ్ళు మూసుకున్నా లోకం ఆగదు.
పొద్దున తాగిన కాఫీ గట్టుమీదే కక్కుతాను.

ఇదే గట్టు.
పదహారేళ్ళప్పుడు నెత్తిన ఉప్పుగంపతో
చెప్పుల్లేకుండా పరిగెత్తింది దీనిమీదే.
వెడల్పు రెండు జానలు.
అప్పుడూ రెండే.

డాక్టరు క్వరెష్మ కాయితం మీద గీశాడు:
ఒక నత్తగుల్ల, పక్కన మూడు వంకర గొట్టాలు.
"ఇందులో ఉండేదీ ఒకరకం ఉప్పునీరే, ఒదీలియా గారూ.
ఎక్కువైతే గోడలు ఉబ్బుతాయి."
నాకు నవ్వొచ్చింది. మడి సంగతి నాకే చెబుతున్నాడు!
"మరి తూమెక్కడ?" అన్నాను.
పెన్ను గాల్లో ఆగింది.
"మాకూ సరిగ్గా తెలీదు," అన్నాడు చివరికి,
మంచివాడు.
"ఈలోగా ఉప్పు తగ్గించెయ్యండి."
ఒళ్ళోంచి చేతులు తీసి బల్లమీద పెట్టాను,
వేళ్ళసందుల్లో నలభై ఎండాకాలాల పగుళ్ళు.
ఆయన చూసి, తల దించుకుని,
మందులచీటీ రాసుకుపోయాడు.

బరువైన చప్పుళ్ళు ముందు మునిగాయి.
పడవ మోటారు. ఉరుము. బెల్మీరు గొంతు.
తేలికవి పైన తేలుతున్నాయి ఇంకా:
చెంచా పింగాణీకి తగలడం, మనవరాలి కీచుమాట,
వీధితలుపులో తాళంచెవి గలగల.
తాళంచెవి వినిపిస్తుంది,
దాన్ని తిప్పి లోపలికొచ్చి ఏదో అడిగిన మనిషి వినపడడు.
నేను "ఆఁ" అంటాను.
ఒకసారి ఆ "ఆఁ"తోనే మా నాన్న పడవ
అమ్మకానికి ఒప్పేసుకున్నాను.

కాఫీకొట్టు జుల్మీరా, నేను గోడ పట్టుకు నడవడం చూసి
"పొద్దున్నే మొదలెట్టింది" అంది.
అది మాత్రం ఎలాగో చెవినపడింది.
కట్టు లేదు, కుంటు లేదు, నెత్తురు లేదు.
ఏం చూపించను?

ముప్పైనాలుగేళ్ళు మంచానికి అటుపక్క పడుకున్న మనిషి
ఒక రాత్రి ఏమీ అనకుండా ఇటుపక్కకు మారాడు,
నా కుడిచెవి వైపుకి.
సూపులో ఉప్పుండదు. ఆయన గిన్నెలోనూ ఉండదు.
కొట్టంలో పదకొండు టన్నులు.
కొనేవాళ్ళొచ్చినప్పుడు ఒక్క పలుకు నాలుకకు ఆనించి
ఊసేస్తాను.
రేటు చెప్పడానికి అంత చాలు.

ఆగస్టులో ఒక తెల్లవారుజామున
పోటు దానంతటదే తీసింది.
ముందు ఫ్రిజ్ గురక. తర్వాత ఎక్కడో లారీ.
తర్వాత స్నానాలగదిలో దగ్గు.
ఎంత లోతైన దగ్గు!
ఎండిన బావిలో బకెట్ పడ్డట్టు.
"ఇంకోసారి," అన్నాను తలుపు బయట నిలబడి.
"ఏంటి?"
"దగ్గు."
గడ్డం నురగతో బయటికొచ్చి, నా మొహం చూసి,
ఇంకేమీ అడక్కుండా దగ్గాడు. మళ్ళీ దగ్గాడు.
నిజంగానే పొలమారేదాకా.

శుక్రవారానికి దిబ్బడ తిరిగొచ్చింది.

గట్టెక్కావా, అని అడుగుతారు ఊళ్ళోవాళ్ళు.
ఎక్కాను.
మూడడుగులు నిలబడి,
మిగతాది కూర్చుని, అరచేతుల మీద జరుగుతూ,
పారను ముందుకు తోసుకుంటూ.
ఉత్తరపుగాలి పొడిగా వీస్తోంది.
నీటిమీద ఉప్పు పువ్వు పూసింది, గాజుపొరంత.
చీకటి పడేలోగా తియ్యకపోతే
మునిగిపోతుంది.